రాతి సింహానికి నీలిమందు: బట్టకు పట్టినట్టు రాయికి ఎందుకు పట్టదు

నీలి మొక్క ఆకు నుంచి తీసే నీలిమందు బట్టకు అంటిందంటే ఉతికి ఉతికి చెయ్యి నొప్పి పుట్టాలి గానీ అది పోదు. అదే నీలిమందు రాయికి పూస్తే మర్నాడే వేలికి అంటుకొని వచ్చేస్తుంది. దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్, బరంపురం వైపు గుడి మెట్లకీ ఇంటి గేటుకీ అటూఇటూ కూర్చోబెట్టే కాపలా సింహాలకు డబ్బా పెయింటు మానేసి అసలైన నీలి వేయించాలనుకునేవారికి మొదట తగిలే దెబ్బ ఇదే. తప్పు నీలిమందుదీ కాదు, రాతిదీ కాదు. రాయిని బట్ట అనుకోవడమే తప్పు.

నీలి నీళ్లలో కరగదు. గాలి ఆడకుండా సున్నపు నీళ్లలో పులియబెడితే క్షయకరణం జరిగి పసుపుపచ్చ రూపంలోకి మారి అప్పుడు కరుగుతుంది. నూలు ఆ ద్రవాన్ని పోగు లోపలికంటా పీలుస్తుంది. బట్ట పైకి తీయగానే గాలి తగిలి మళ్లీ నీలంగా మారి, కరగని స్థితిలో పోగు లోపలే ఇరుక్కుపోతుంది. రాయికి పోగు లేదు. రేణువుకీ రేణువుకీ మధ్య సందులుంటాయి, అంతే. సందులో పడ్డ నీలి అక్కడ దుమ్ములా కూర్చుంటుంది, పైన మిగిలింది చేతికొస్తుంది. కాబట్టి రాతి మీద నీలిని అద్దకంగా కాక పూతగా చూడాలి. కింద పునాది పొర, నీలిని పట్టి ఉంచే బంక, ఎండా వానా తగలని చోటు, ఈ మూడూ కుదిరితేనే అది నిలుస్తుంది.

ఈ ప్రాంతపు రాయి సంగతి ముందు చూడాలి. తూర్పు కనుమల్లో, మహేంద్రగిరి చుట్టుపక్కల దండిగా దొరికేది ఖొండలైట్. కొండల్లో ఉండే కోంధు గిరిజనుల పేరు మీద 1902లో భూగర్భ శాస్త్రజ్ఞుడు టి.ఎల్. వాకర్ దీనికి ఆ పేరు పెట్టాడు. ఒడియా శిల్పులు బౌళమాళ అంటారు. పూరీ, కోణార్క్ ఆలయాల్లో ఎక్కువ భాగం ఈ రాయే. ఉలికి తేలిగ్గా లొంగుతుంది, అదే దాని బలహీనత కూడా. లోపలున్న ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం కాలక్రమంలో తెల్లని మెత్తటి మట్టిగా మారుతుంది. గార్నెట్ రేణువుల్లోని ఇనుము తుప్పు పట్టి ఎర్రగోధుమ రంగు మరకలుగా బయటికొస్తుంది. నీలం పూసిన సింహం మెడ మీద ఒక వానాకాలం తరవాత తుప్పు చారలు కనిపిస్తే రంగు కల్తీ అని దుకాణదారును తిట్టుకుంటారు. ఆ చార రాతి లోపలినుంచి వచ్చింది.

కోణార్క్ ద్వారబంధాలకు వాడిన క్లోరైట్, అంటే ఒడియాలో ముగుని రాయి, ఇందుకు పూర్తిగా భిన్నం. నున్నగా, బిగువుగా ఉంటుంది, చెక్కినవి చెక్కినట్టే నిలుస్తాయి. కానీ పూతకు పట్టు దొరకదు. బలపపు రాయీ అంతే, పైగా దాని జారుడు గుణం వల్ల పూత పెచ్చుగా లేచిపోతుంది. నీలి పూయడానికి మధ్యరకం కావాలి: ఇసుకరాయి గానీ, మరీ శిథిలం కాని ఖొండలైట్ గానీ. తేల్చుకోవడం సులువు. ఆరిన రాతి మీద ఒక నీటిబొట్టు వేయాలి. రెండు మూడు సెకన్లలో ఇంకిపోతే అది మరీ దాహమున్న రాయి, బంకను మింగేసి నీలిని పొడిగా పైన వదిలేస్తుంది. అయిదు నిమిషాలైనా బొట్టు బొట్టులాగే ఉంటే పూత అంటదు. అర నిమిషం నుంచి రెండు నిమిషాల లోపు ఇంకే రాయి పనికొస్తుంది.

దిమ్మ కొనేటప్పుడు సుత్తితో తట్టి చూడటం అందరికీ తెలిసిందే. ఖంగున మోగితే గట్టిది, బొద్దుగా పలికితే లోపల పగులుంది. దానికి తోడు రాయంతా తడిపి ఆరనివ్వాలి. చుట్టూ ఆరిపోయాక కూడా ఎక్కడైనా సన్నటి నల్లగీత మిగిలితే అక్కడ నెర్రె ఉన్నట్టే. ఇక పొర. ఖొండలైట్‌లో పొరలు కంటికే కనిపిస్తాయి. బొమ్మ నిలబడినప్పుడు ఆ పొరలు నేలకు సమాంతరంగా ఉండాలి. దిమ్మను నిలువుగా తిప్పి పొర ముఖానికి సమాంతరంగా వచ్చేట్టు చెక్కితే, నాలుగైదు వానాకాలాల్లో సింహం ముఖం అప్పడంలా ఊడి చేతికొస్తుంది.

అడుగున్నర ఎత్తు సింహానికి 18 అంగుళాల ఎత్తు, 12 అంగుళాల పొడవు, 9 అంగుళాల వెడల్పు దిమ్మ చాలు. దాని బరువు సుమారు 80 కిలోలు, చెక్కడం అయ్యేసరికి 50కి అటూఇటూ దిగుతుంది. కోణార్క్ వాకిట్లో ఏనుగును తొక్కిన సింహం, ఆ ఏనుగు కింద మనిషి ఉన్న శిల్పాన్ని చూసి అలాంటి గజసింహమే కావాలని అడుగుతారు. ఇంత చిన్న దిమ్మలో అది కుదరదు. కాళ్ల మధ్య ఖాళీ తీయగానే సన్నపడిన చోట విరుగుతుంది. ముందుకాళ్ల మధ్య రాయిని పూర్తిగా తొలచకుండా లోతు గాడిగా వదిలి, కూర్చున్న సింహాన్ని చెక్కడమే మేలు. ఆ గాడే తరవాత నీలికి మంచి ఆసరా అవుతుంది. పోతురాజు రాయికైతే ఈ బాధ లేదు. తెలుగు ఊళ్లలో పొలిమేర కాపలాకి చెక్కడం పెద్దగా అక్కర్లేదు, నిలువు రాయి చాలు. కానీ ఆ రాతికి నీలి వేయడం ఎందుకు వృథాయో కింద వస్తుంది.

చెక్కేటప్పుడు రాయిని తడుపుతూ చెక్కాలి. ఖొండలైట్‌లో క్వార్ట్జ్ ఉంది, పొడి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, దానికి మందు లేదు. గ్రైండరు వాడే చోట ముక్కుకు చుట్టిన తువ్వాలు దేన్నీ ఆపదు. పూత పడాల్సిన భాగాలను మరీ నున్నగా రుద్దకూడదు. పళ్ల ఉలి గీతలు వదిలిన గరుకుతనమే పూతకు పట్టు. నునుపు కావాలంటే నుదురు, ముక్కు, ఛాతీ వంటి రంగు పడని చోట్లే చూపించుకోవాలి.

బజారులోని మూడు నీలాలు

బట్టలకు వేసే నీలిమందు, సున్నంలో కలిపే నీలిరంగు, రంగుల దుకాణంలో పొట్లం కట్టి ఇచ్చే నీలం, అన్నిటికీ జనం నోట పేరు ఒకటే. సరుకు వేరు. తేడా తెలియడానికి మూడు చిన్న గిన్నెలు చాలు. చిటికెడు పొడి మీద నిమ్మరసం పిండితే రంగు వెలిసి కుళ్లిన గుడ్డు వాసన వస్తే అది అల్ట్రామెరీన్ అనే ఫ్యాక్టరీ రంగు. సున్నపు తేటలో నానబెడితే గోధుమరంగుకు తిరిగేది ప్రష్యన్ బ్లూ అనే మరో ఫ్యాక్టరీ రంగు. ఈ రెండిటికీ చెక్కుచెదరక, బ్లీచింగ్ పౌడరు నీళ్లలో వేయగానే పసుపుపచ్చగా మారిపోయేది నీలి. ఆకు నుంచి తీసిన నీలిలో సున్నం మిగిలి ఉంటుంది కాబట్టి నిమ్మరసానికి కాస్త బుసబుసమని పొంగవచ్చు, రంగు మాత్రం పోదు. బాగా ఎండిన బిళ్లను గోటితో రుద్దితే రాగి మెరుపు రావాలి. మెరుపు రాక గరగరలాడితే ఇసుకో మసో కలిసినట్టు.

ఈ పరీక్షలు ఆకు నీలినీ ఫ్యాక్టరీ నీలినీ వేరుచేయలేవు. జర్మనీలోని బీఏఎస్ఎఫ్ కంపెనీ 1897లో అమ్మకానికి పెట్టిన కృత్రిమ నీలిలోనూ చెట్టు నీలిలోనూ రంగునిచ్చే అణువు ఒకటే. రాతి మీద మన్నికలో తేడా ఉంటుందని చెప్పి ఎక్కువ ధర అడిగేవారి మాట నమ్మనక్కర్లేదు. ఆకు నీలికి ఉన్న విలువ వేరు: అందులో ఇండిరూబిన్ అనే ఎర్రటి రంగు పదార్థం, మట్టి, సున్నం కొంత కలిసి ఉండటం వల్ల నీలం కాస్త మెత్తబడి, ఖొండలైట్ గోధుమరంగు పక్కన కొట్టొచ్చినట్టు కాక కలిసిపోయినట్టు కనిపిస్తుంది.

సొంతంగా తీయాలంటే నీలి మొక్క పూతకొచ్చే ముందు, విత్తిన మూడు నెలల ప్రాంతంలో, పొద్దున్నే కోయాలి. కోసిన ఆకు గంటల్లోనే నాననివ్వాలి, వాడిపోతే దిగుబడి పడిపోతుంది. తొట్టిలో మునిగేట్టు రాయి బరువు పెట్టి 10 నుంచి 16 గంటలు ఉంచాలి. ఎండాకాలంలో పది గంటలే ఎక్కువ. నీళ్లు పచ్చగా మారి, పైన రాగిరంగు తెట్టె కట్టి, తీపి కలిసిన పులుపు వాసన వేసినప్పుడు ఆకు తీసేయాలి. ఇంకా ఉంచితే కుళ్లు వాసన పుడుతుంది, నీలి బూడిదరంగుకు దిగజారుతుంది. లీటరుకు 3 నుంచి 5 గ్రాముల సున్నం పాలలా కలిపి పోసి, బిందెతో ఎత్తిపోస్తూ గంటసేపు చిలకాలి. నురగ ముందు నీలంగా ఉబ్బి తరవాత అణిగిపోతుంది. అణిగితే పని అయినట్టు. రాత్రంతా పేరనిచ్చి, పైతేట వంచేసి, అడుగు ముద్దను ఒకసారి కాచి, గుడ్డలో వడకట్టి నీడన ఆరబెట్టాలి. వంద కిలోల పచ్చి ఆకుకు పావు కిలో నుంచి 400 గ్రాముల బిళ్ల వస్తే మంచి పంట. ఒక జత సింహాలకు 30 నుంచి 40 గ్రాములు సరిపోతుంది కాబట్టి రాతి పనికోసమే తొట్టి కట్టనక్కర్లేదు. అద్దకందారుల దగ్గర బిళ్ల కొనుక్కోవడమే తేలిక. అయితే కొరాపుట్ జిల్లా కోట్‌పాడ్ నేతకారుల దగ్గరికి నీలి కోసం వెళ్లకూడదు. వాళ్ల పేరంతా తొగరు వేరు ఎరుపుది. ఒడిశాలో నీలానికి పూత సంప్రదాయం బట్ట మీద బొమ్మలు వేసే పటచిత్రకారులది. వాళ్లు రామరాజ అనే నీలాన్ని వెలగ బంకతో కలిపి వాడతారు, రాతి పనికి నేర్చుకోవాల్సింది ఆ కలపడమే.

తొట్టిలో ముంచితే

పూత జంజాటమంతా ఎందుకు, పులియబెట్టిన నీలి తొట్టిలోనే రాయిని ముంచేస్తే పోదా అన్న ఆలోచన అందరికీ వస్తుంది. ఇసుకరాయి చిన్న ముక్కను ముంచి తీస్తే నిజంగానే అందంగా ఉంటుంది. ఆకుపచ్చగా బయటికొచ్చి కళ్లముందే నీలంగా మారుతుంది. మోసం ఆ తరవాత మొదలవుతుంది. ఇవాళ చాలాచోట్ల తొట్టి పెట్టేది కాస్టిక్ సోడా, హైడ్రోసల్ఫైట్ అనే రసాయనాలతో. బట్టనైతే తరవాత జాడించి ఆ లవణాలను వదిలించవచ్చు. రాయి వాటిని అంగుళం లోతుకు తాగేస్తుంది. హైడ్రోసల్ఫైట్ గాలి తగిలి చివరికి సోడియం సల్ఫేటుగా మారుతుంది. తడిసినప్పుడల్లా ఇది నీటిని పట్టుకొని స్ఫటికంగా ఉబ్బుతుంది, ఎండినప్పుడు కుంచించుకుంటుంది, మళ్లీ తడికి ఉబ్బుతుంది. రాతిని లోపలినుంచి పగలగొట్టే లవణాల్లో ఇంతకంటే చెడ్డది లేదు. మొదట తెల్లటి బూజులాంటి పొడి కనిపిస్తుంది, దాన్ని తుడిచేస్తారు. తరవాత ముక్కు కొస, చెవి అంచు రాలతాయి.

ముంచక తప్పదనుకుంటే సున్నపు తొట్టి ఒక్కటే దారి: తూకంలో నీలి ఒక వంతు, తడిపిన సున్నం రెండు వంతులు, బెల్లం మూడు వంతులు. బెల్లంలో పనిచేసే చక్కెర కొంతే ఉంటుంది కాబట్టి పట్టు రావడానికి రెండు మూడు రోజులు పట్టవచ్చు, కాస్త పండిన అరటిపండు వేస్తే త్వరపడుతుంది. పాతకాలపు దక్షిణాది తొట్టిలో ఈ పని తగిరిస గింజలు చేసేవి. రాతిలో మిగిలిపోయే సున్నం గాలితో కలిసి సుద్దగా గట్టిపడుతుంది, సోడాలా పగలగొట్టదు. తొట్టి చెడితే ఊళ్లో ఒక అబద్ధం పుట్టిస్తే బాగుపడుతుందని పాత నమ్మకం, ‘నీలివార్త’ అనే మాట అక్కడినుంచే వచ్చిందంటారు. కాస్త సున్నం, గోరువెచ్చదనం, ఇంకో రోజు ఓపిక అబద్ధం కంటే నమ్మకమైన మందు. అయినా ముంచిన రాయి చేతికి అంటడం మానదు, మచ్చలు మచ్చలుగా కూడా ఉంటుంది. తొట్టిని బట్టలకు వదిలేయడమే తెలివి.

పూత

చెక్కిన రాయిని మంచినీళ్లతో కుంచె పెట్టి కడిగి, సబ్బు తగలనీయకుండా, నీడన రెండు మూడు వారాలు ఆరనివ్వాలి. ఆరిందో లేదో తెలియడానికి అరచేయంత ప్లాస్టిక్ కాగితాన్ని అంచులు మూసి ఒక రోజు అంటించి ఉంచాలి. లోపల చెమ్మ పడితే ఇంకో వారం ఆగాలి. జనవరి నుంచి మార్చి వరకు ఈ పనికి మంచి రోజులు. అక్టోబరులో మొదలుపెట్టడం తుపానుతో పందెం వేయడమే. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ ఈ పక్క వచ్చింది ఆ నెలలోనే, పైగా తుపాను వాన అడ్డంగా కొడుతుంది, చూరు ఎంత ముందుకున్నా ఆపదు.

నీలిని నేరుగా గోధుమరంగు రాతి మీద పూస్తే నీలం కనిపించదు. బూడిద కలిసిన ఆకుపచ్చలా, చిక్కగా వేస్తే నల్లగా ఉంటుంది. కింద తెలుపు ఉండాలి. గుడి లోపల, ఇంటి వసారాలో ఉండే బొమ్మకు శంఖం పొడిని చింతగింజల బంకతో కలిపి రెండు పూతలు వేస్తే చాలు. బయటి బొమ్మకు అది మొదటి వానకే పాలలా కారిపోతుంది. అక్కడ బాగా నానిన సున్నపు ముద్దను పలచగా చేసి మూడు పూతలు, పూతకూ పూతకూ మధ్య ఒక రోజు ఎడం, ప్రతిసారీ ముందు రాయిని కాస్త తడిపి వేయాలి. ఎండలో గబగబా ఆరిన సున్నం గట్టిపడకుండా పొడిగా రాలుతుంది. ఖొండలైట్‌కు సున్నం కొత్తేమీ కాదు. పూరీ జగన్నాథ ఆలయం మీద శతాబ్దాల పాటు సున్నపు పూత ఉండేది. ఐరోపా నావికులు దాన్ని తెల్ల పగోడా అనీ, కోణార్క్‌ను నల్ల పగోడా అనీ పిలిచేవారు.

నీలి బిళ్లను నూరడంలో తొందర పనికిరాదు. నీలి పొడి నీటిని దరిచేరనివ్వదు, గిన్నెలో నీళ్లు పోస్తే పైన తేలుతుంది. కొద్ది చుక్కల బంక నీటితో కల్వంలో ముద్దగా చేసి కనీసం రెండు గంటలు నూరాలి. వేళ్ల మధ్య రుద్దితే గరుకు తగలకూడదు. లోపలి బొమ్మకు: పది గ్రాముల వెలగ బంకను 40 మిల్లీలీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి వడకట్టి, అందులో సగాన్ని పది గ్రాముల నీలికి కలపాలి. మిగతా సగం సరిచూసుకోవడానికి. ఆరిన పూతను వేలితో రుద్దితే నీలం అంటితే బంక చాలలేదు, మెరుస్తూ సన్నటి పగుళ్లు వస్తే ఎక్కువైంది.

బయటి బొమ్మకు పాల విరుగుడు. లీటరు వెన్న తీసిన పాలను నిమ్మరసంతో విరగ్గొట్టి, నీళ్లు పిండి, బాగా కడగాలి. వెన్న మిగిలితే సున్నంతో కలిసి సబ్బవుతుంది, పూత జిడ్డుగా ఉండి ఎప్పటికీ ఆరదు. కొలతలో విరుగుడు అయిదు వంతులు, సున్నపు ముద్ద ఒక వంతు కలిపి నూరితే పావుగంటలో ముద్ద జారుగా, పారదర్శకమైన జిగురుగా మారుతుంది. సమానంగా నీళ్లు కలిపి పలచన చేసి, పది గ్రాముల నీలికి 60 మిల్లీలీటర్ల జిగురు చొప్పున వాడాలి. కలిపిన రోజే వాడేయాలి, మర్నాటికి కుళ్లుతుంది. సున్నం కళ్లలో పడకుండా చూసుకోవాలి. పూతలు నాలుగైదు, ఒక్కొక్కటీ పాలంత పలచగా. ఒకేసారి చిక్కగా వేస్తే పైపొర ముడుచుకుంటూ కింది సున్నాన్ని కూడా లేపుకొని వస్తుంది. పెచ్చు తిప్పి చూస్తే వెనక తెల్లగా ఉంటుంది, తప్పు ఎక్కడ జరిగిందో అక్కడే తెలుస్తుంది.

ఇదంతా చేశాక కూడా బొమ్మంతా నీలం పూయడం అనవసరం. ఎండ నీలిని విరగ్గొడుతుంది. పడమటి ముఖంగా, నీడ లేకుండా కూర్చున్న సింహం వీపు మీద నీలం ఏడాది రెండేళ్లలో వెలిసి బూడిదరంగవుతుంది. జూలు మధ్య గాడుల్లో, కనుగుడ్డు చుట్టూ, నోటి లోపల, ముందుకాళ్ల మధ్య, మెడ పట్టీ కింద పూసిన నీలం మాత్రం నిలబడుతుంది. ఎండ తక్కువ, చెయ్యి తగలదు, వాన నేరుగా కొట్టదు. చూడటానికీ అదే బాగుంటుంది: గాడిలో నీడతో కలిసి నీలం లోతుగా కనిపిస్తుంది. పాత అమెరికాలోని మయా జాతివారు నీలిని పాలిగోర్స్కైట్ అనే బంకమట్టితో కలిపి వేడిచేసి, ఎండకూ ఆమ్లానికీ లొంగని నీలం చేశారు. ఆ మట్టి నిర్మాణంలోని సన్నటి సొరంగాల్లో నీలి అణువు ఇరుక్కుంటుంది. మన నామం మట్టికి ఆ సొరంగాలు లేవు, దానితో ఎంత వేడిచేసినా ఆ ఫలితం రాదు.

జపాన్ దక్షిణాన ఒకినావా దీవుల్లోనూ రాతి కాపలా సింహాలున్నాయి, శిసా అంటారు. 1689లో అగ్నిప్రమాదాల నుంచి రక్షణకు నిలిపిన తొమోరి రాతి సింహం ఇప్పటికీ ఉంది. ఆ దీవుల్లో నీలి మొక్క వేరు, స్ట్రోబిలాంథెస్ జాతిది, అయినా సున్నంతో పేర్చే పద్ధతి మాత్రం మనదాన్నే పోలి ఉంటుంది. కానీ వాళ్ల రాయి పగడపు సున్నపురాయి, లేత రంగుది. దాని మీద తెలుపు పునాది లేకుండా నీలం కనిపించినట్టు మన ఖొండలైట్ మీద కనిపించదు. ఫొటో చూసి అలాగే చేయబోతే దెబ్బ తినేది ఇక్కడే.

చివరికి పూజ. కాపలా బొమ్మ గేటు దగ్గరున్నా పొలిమేరలో ఉన్నా పసుపు, కుంకుమ, నూనె తప్పవు. పాతపట్నం నీలమణి దుర్గ దగ్గర్నుంచి ఊరి పోతురాజు దాకా ఈ ప్రాంతంలో దేవతకు నీలం పేరులో ఉన్నా ఒంటికి పట్టేది పసుపే. కొత్త సున్నపు పూత మీద పసుపు పడితే పారాణిలా ఎర్రబడుతుంది. ఆరిన నీలం మీద పడితే ఆకుపచ్చగా కనిపిస్తుంది. కంగారుపడి రుద్ది కడిగితే నీలం కూడా పోతుంది. పసుపు ఎండకు తనంతట తానే కొద్ది రోజుల్లో వెలిసిపోతుంది, ముట్టుకోకుండా వదిలేస్తే చాలు. నూనె అలా పోదు. రాతిలోకి ఇంకి, దీపం మసిని పట్టుకొని నల్లగా పేరుకుంటుంది, దాని మీద ఏ పూతా నిలవదు. అందుకే నిత్యం నూనె పోసే పోతురాజు రాతికి నీలి వృథా. సింహానికైతే పీఠం ముందు చిన్న పళ్లెంలాంటి గుంట చెక్కి, నూనె, పసుపు అక్కడే అర్పించేట్టు చేస్తే పైభాగం బతుకుతుంది.

జాతరకు ముందు గుడి ప్రాంగణం కడిగేవాళ్లకు బ్లీచింగ్ పౌడరు బొమ్మ దగ్గరికి తేవద్దని ముందే చెప్పాలి. ఒక్క బక్కెట్టు పడితే నీలం గంటలో పసుపుపచ్చగా తిరుగుతుంది, దాన్ని వెనక్కి తేలేం. ఏటా సంక్రాంతి తరవాత పొడి కుంచెతో గాడుల్లోని దుమ్ము దులిపి, వెలిసిన చోట మాత్రమే ఒక పలచటి పూత వేస్తే సరిపోతుంది. మొత్తం గీకి మళ్లీ పూయడం ఆరేడేళ్లకు ఒకసారి. అప్పుడు కూడా ఇనుప బ్రష్షు వాడకూడదు. విరిగిన తీగ ముక్కలు రాతిలో గుచ్చుకొని తుప్పు పట్టి, సింహం ఒంటినిండా ఎర్రటి చుక్కలు పొడుస్తాయి. వెదురు పుల్ల, గోరువెచ్చని నీళ్లు చాలు.